ఇంటి చిన్నికుక్కకు టీకాలు: ఏటేటనా, మూడేండ్లకా?

ఈ నెల మాకు వచ్చిన జాబులలో ఒకటి తక్కిన సోదరీమణులకు గూడ పనికివచ్చునట్టిదిగా నుండుటచే, దానికి ఈ పుటలలోనే బదులు వ్రాయుచున్నాము. ఆ సోదరి యింట నాలుగు కిలోల బరువుగల పమేరియను కుక్క కలదు. వయస్సు మూడేండ్లు. కిందటి యేడు పశువైద్యశాలలో ఒకే దినమున దానికి రెండు సూదులు వేయగా, ఇంటికి వచ్చిన గంటకు మూతి వాచి, కనుఱెప్పలు ఉబ్బి, ఒడలెల్ల దద్దురులు లేచినవట. మఱల వైద్యునియొద్దకు పరుగిడి మందు వేయింపగా సాయంకాలమునకు తగ్గినదట. ఇప్పుడు తిరుగ టీకాల గడువు వచ్చినది. "ఆ మూగజీవిని ఇక సూదులతో పొడిపింపవద్దు, అది గడప దాటి పోవునదా?" అని అత్తగారు. "ఏటేట వేయింపవలెనని పుస్తకములో వ్రాసియున్నది గదా" అని భర్త. "మూడేండ్లకొకసారి చాలునని ఇతర దేశములలో చెప్పుచున్నారు" అని కళాశాలలో చదువుచున్న కుమార్తె. ముగ్గురి మాటలును విని, ఏమి చేయుటకును తోచక ఆమె మమ్ము అడిగినది.

ఈ ముగ్గురిలో ఎవ్వరి మాటయు పూర్తిగా తప్పు గాదు. పూర్తిగా ఒప్పును గాదు. చిక్కంతయు "టీకా" యను ఒక్క మాటలో నున్నది. మన బిడ్డలకు పోలియో చుక్కలు వేఱు, తట్టు టీకా వేఱు, ధనుర్వాతపు సూది వేఱు అని ప్రతి తల్లియు ఎఱుగును. ఏది ఎప్పుడో కాగితము చూడకయే చెప్పగలదు. కుక్క విషయమున మాత్రము అన్నిటిని ఒక మూట గట్టి "ఏడాది టీకా" యనుచున్నాము. ఆ మూట విప్పిన గాని, ఏది ఏటేట వేయింపవలసినదో ఏది అక్కఱలేనిదో తేలదు. మన దేశమున ఇంటికుక్కలకు వేయుచున్నవి ముఖ్యముగా మూడు తెగలు. మొదటిది రేబిస్ అనబడు వెఱ్ఱికుక్క వ్యాధికి. రెండవది డిస్టెంపరు, పార్వో, కాలేయపు వాపు అను మూడు వ్యాధులకు కలిపి వేయునది. మూడవది ఎలుకల మూత్రమువలన వచ్చు లెప్టోస్పైరోసిస్ అను వ్యాధికి. వీని స్వభావములు వేఱు. కాపాడు కాలము వేఱు. వేయింపకున్నచో వచ్చు నష్టమును వేఱు.

రేబిస్ మాట మొదట చెప్పెదము. లక్షణములు కనబడిన పిదప ఈ వ్యాధికి మందు లేదు. కుక్కకైనను మనిషికైనను ఇంచుమించుగా మరణమే. దీనివలన ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది చనిపోవుచున్నారని 2015లో ప్రకటింపబడిన యంచనా. మనుష్యులకు ఇది సోకుట నూటికి తొంబదితొమ్మిది పాళ్లు కుక్కవలననే. వ్యాధి గలదని అనుమానింపదగిన జంతువుల కాటునకు గురియగువారిలో నూటికి నలువదిమంది పదునైదేండ్ల లోపు బిడ్డలని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. బిడ్డ ఎత్తు తక్కువ. కుక్క మూతికి బిడ్డ ముఖము దగ్గఱ. ఆటలో తగిలిన చిన్న గీతను గూర్చి ఇంటిలో చెప్పిన కోప్పడుదురని దాచువారును బిడ్డలే.

మన పెద్దలకు ఈ భయము బాగుగా తెలియును. పారిసు నగరమున లూయీ పాస్టరు జోసెఫ్ మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలునికి 1885వ సంవత్సరము జూలై 6వ తేదీన ఈ వ్యాధికి తొలి టీకా వేసెను. మన దక్షిణదేశమునకు 1907లో నీలగిరులలోని కూనూరున పాస్టరు సంస్థ ఏర్పడినది. 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ అను వైద్యుడు జంతువుల మెదడునుండి తీసిన మందును కనిపెట్టగా, అది మొదలు మన దేశమున కుక్క కఱచినదనిన బొడ్డు చుట్టు పది పదునాలుగు సూదులే గతి. ఆ మందు తయారీని మన దేశమున నిలిపివేసినది 2004వ సంవత్సరాంతముననే. కనుక నేడు నలువది యేండ్లు దాటిన మా చదువరులలో పలువురు ఆ సూదులను గూర్చి వినియే యుందురు. కొందఱు పొడిపించుకొనియు నుందురు. ఇప్పుడు మనుష్యులకు వేయు మందు వేఱు. చేతికి నాలుగైదు సూదులతో సరి. కాని కుక్కకే ముందుగా వేయించుకొన్నచో ఆ బాధయు చాలవఱకు తప్పును గదా.

కుక్కపిల్లకు పండ్రెండు వారములు నిండిన పిదప రేబిస్ టీకా వేయింపవలెను. వీధికుక్కలు పెక్కుగా నుండి వ్యాధి మెదలుచున్న చోట్ల, రెండు మొదలు నాలుగు వారముల లోపల రెండవ మాఱు వేయించుట మేలని నిపుణులు చెప్పుచున్నారు. మన తెలుగు ఊళ్లన్నియు అట్టి చోట్లే. ఆ పిమ్మట ఏడాదికి మఱల, తరువాత ఏటేట. మూడేండ్లు కాపాడునని పరీక్షింపబడి యనుమతి పొందిన రేబిస్ టీకాలును లోకమున గలవు. అమెరికాలో పెక్కు రాష్ట్రములు వానిని ఒప్పుకొనుచున్నవి. జాబు వ్రాసిన సోదరి కుమార్తె చదివినది ఇదియే కావచ్చును. కాని ఆ దేశమున వీధికుక్క యను మాటయే అరుదు. కుక్కలనుండి కుక్కలకు వ్యాపించు రేబిస్ అచ్చట తుడిచిపెట్టుకొని పోయినది. మనకు వీధి మలుపున పది కుక్కలు గలవు. మఱియు మన నగరపాలక సంఘములు పెక్కు కుక్కకు అనుమతిపత్రము ఇచ్చునప్పుడు రేబిస్ టీకా వేయించిన ధ్రువపత్రము అడుగును. కావున ఈ ఒక్క టీకా విషయమున మా యభిప్రాయము నిస్సంశయము: ఏటేట, తప్పక.

"గడప దాటని కుక్కకెందుకు?" అను అత్తగారి ప్రశ్నకు గూడ ఇచ్చటనే బదులు చెప్పవలెను. కుక్క గడప దాటకపోవచ్చును. వ్యాధి గడప దాటి రాదని ఎవ్వరు చెప్పగలరు? పాలవాడు వాకిలి తెఱచినప్పుడు, పనిమనిషి చెత్త పాఱవేయ బోయినప్పుడు, చిన్నకుక్క కాళ్ల సందునుండి దూరి వీధిలోనికి పోవుట మనమెఱుగనిది గాదు. వాకిటి ఊచల నడుమ మూతి పెట్టి వీధికుక్కతో కయ్యమాడుటలో ఈ బుల్లికుక్కలను మించినవి లేవు. పెద్దకుక్కయైన తిరుగబడి తప్పించుకొనునేమో. నాలుగు కిలోల ప్రాణికి ఒక్క కాటే చాలును. అట్టిది తిరిగివచ్చి మనుమని ఒడిలో పండుకొని ముఖము నాకును. చిన్నది, ముద్దులది యగుటయే దాని విషయమున అధిక జాగ్రత్తకు కారణము.

ఖర్చునకు వెనుదీయువారికి ఒక మాట. పాస్టరు టీకా వేసిన ఆ జూలై 6వ తేదీని జంతువులనుండి మనుష్యులకు సోకు వ్యాధుల దినముగా జరుపుచున్నారు. ఆనాడు ఉభయ తెలుగు రాష్ట్రములలోను ప్రభుత్వ పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా రేబిస్ టీకాలు వేయుట పరిపాటి. టీకా కొఱకు దూరదేశములవైపు చూడవలసిన పనియు లేదు. మన హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ సంస్థవారు మనుష్యులకును కుక్కలకును గూడ రేబిస్ టీకాలు తయారుచేయుచున్నారు.

ఇక రెండవ తెగ. ఏటేటనా మూడేండ్లకా యను వాదము నిజముగా దీనిని గూర్చినదే. ఇందులో మూడు వ్యాధులున్నవి. డిస్టెంపరు వచ్చిన కుక్కకు కండ్లనుండి ముక్కునుండి చీము కాఱును, దగ్గు, జ్వరము వచ్చును. పిదప మెదడు చెడి కాళ్లు కొట్టుకొనుచు పెక్కు చచ్చును. ఇది వైరసువలన వచ్చునని 1905లో ఫ్రాన్సుదేశపు పశువైద్యుడు కారే చెప్పెను. 1920ల దశకమున లండను చెంత మిల్ హిల్ అను తావున లెయిడ్లా, డంకిన్ అను వారు దానిని స్థిరపఱచి, టీకా తయారుచేసిరి. వారు పరిశోధనకు ఎన్నుకొన్న జంతువు ఫెరెట్ అను ముంగిస పోలికది; 1933లో మనుష్యుల ఇన్‌ఫ్లుయెంజా వైరసును పట్టుకొనుటకు గూడ ఆ జంతువే సాయపడినది. కుక్కల కొఱకు చేసిన పని మనుష్యులకును అక్కఱకు వచ్చినదని చెప్పుటకే ఈ ముచ్చట. రెండవది కాలేయమును పాడుచేయు వైరసు. టీకాల పుణ్యమా యని ఇది ఇప్పుడు చాల తక్కువ. మూడవది పార్వో. ఇది 1978 ప్రాంతమున క్రొత్తగా పుట్టి, చూచుచుండగనే లోకమంతట వ్యాపించినది. కుక్కపిల్ల తిండి మాని, వాంతులు చేసికొని, దుర్గంధముతో నెత్తుటి విరేచనములు పట్టి, రెండు మూడు దినములలో శోషించిపోవును. ఆ వైరసు నేలలో నెలల తరబడి చావదు. మామూలు సబ్బునకును చావదు. బ్లీచింగుపొడి కలిపిన నీటితో కడుగవలెను. ఒక పిల్ల ఈ వ్యాధితో చచ్చిన యింటికి వెంటనే మఱియొక పిల్లను తెచ్చి, దానిని గూడ పోగొట్టుకొన్నవారిని మేమెఱుగుదుము.

ఈ మూటికి కుక్కపిల్ల ప్రాయమున ఒక్క సూది చాలక, మూడు నాలుగు వేయుటకు కారణమేమి? ఇది తల్లులకు సులభముగా బోధపడును. ఈనిన తొలిదినములలో తల్లికుక్క ఇచ్చు ముఱ్ఱుపాలతో పిల్లకు రక్షణ సంక్రమించును. ఆ రక్షణ యున్నంతకాలము మనము వేసిన టీకాను అది పని చేయనీయదు. వచ్చినవాడు శత్రువో మిత్రుడో చూడక తలుపు వేసికొనును. ఆ తల్లిరక్షణ ఒక పిల్లలో ఎనిమిది వారములకు పోవును, మఱియొకదానిలో పండ్రెండు, ఇంకొకదానిలో పదునాఱు వారములవఱకు నిలుచును. ఎప్పుడు పోవునో బయటికి కనబడదు. కనుక ఆఱు లేక ఎనిమిది వారముల వయస్సున మొదలిడి, రెండు మొదలు నాలుగు వారములకొకసారి వేయుచు, చివరిది పదునాఱు వారములు నిండిన పిదప పడునట్లు చూచుకొనవలెను. మన బిడ్డలకు తట్టు టీకా పుట్టినవెంటనే గాక తొమ్మిది నెలలు నిండిన పిదప వేయుటకును ఇట్టి కారణమే. తట్టు వైరసును డిస్టెంపరు వైరసును దగ్గఱి చుట్టములు కూడను.

మన యిండ్లలో పొరపాటు జరుగునది ఇచ్చటనే. రెండు సూదులు వేయించి, పిల్ల హుషారుగా నున్నది గదా యని మూడవదానికి పోరు. పండ్రెండు వారములకే ఆపిన పిల్లలలో కొన్నిటికి టీకా బొత్తిగా పట్టియే యుండదు; పుస్తకములో ముద్రలు మాత్రము నిండుగా నుండును. పెద్దకుక్కకు ఏడాది జాప్యమైనను అంత నష్టము లేని చోట, కుక్కపిల్లకు నెల జాప్యము ప్రాణము మీదికి తెచ్చును. డబ్బు, ఓపిక తక్కువగా నున్నచో వానిని ఇచ్చట వెచ్చింపుడు.

కుక్కపిల్ల సూదులు సరిగా ముగిసిన పిదప, ఆఱు నెలల వయస్సు దాటగనే మఱియొక్క మాఱు వేయుట మంచిదని ప్రపంచ చిన్నజంతువుల పశువైద్య సంఘమువారు 2024లో సవరించి ప్రకటించిన సూచనలలో చెప్పిరి. పూర్వము ఏడాది నిండువఱకు ఆగెడివారు. తొలి సూదులు పట్టని పిల్ల అన్నాళ్లు రక్షణ లేక యుండగూడదని ఈ మార్పు. అటుపిమ్మట ఈ మూటికి కలిపి వేయు టీకా మూడేండ్లకు ఒకసారికంటె తఱచుగా అక్కఱలేదని వారి మాట. ఇది నిన్న మొన్న పుట్టిన మాట గాదు. అమెరికాలో రోనాల్డ్ షుల్ట్జ్ అను శాస్త్రవేత్త సహచరునితో గలసి 1978లోనే మూడేండ్ల పద్ధతిని సూచించెను. తరువాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఆయన బృందము టీకా వేసిన కుక్కలను వ్యాధి అంటని తావున ఏండ్లకొలది ఉంచి, పిదప వ్యాధిని అంటింపజూడగా, ఏడేండ్ల తరువాత గూడ అవి తట్టుకొన్నవి. కారణమును తెలిసికొనదగినదే. ఈ టీకాలో నున్నది చంపిన వైరసు గాదు. బలము తగ్గించిన సజీవ వైరసు. అది ఒడలిలో కొంత పెరిగి, నిజమైన వ్యాధి వచ్చి పోయినట్లే దేహమునకు గట్టి పాఠము నేర్పును. మన బిడ్డకు తట్టు టీకా రెండు మాఱులు వేయించి, పిదప ఏటేట వేయింపము గదా.

మఱి పుస్తకములో ఏటేట యని ఎందుకున్నది? పూర్వము టీకా తయారుచేయువారు ఏడాదివఱకే పరీక్షించి, ఆ మేరకే కాగితముపై వ్రాసిరి. ఏడాదితో రక్షణ తీఱిపోవునని దాని యర్థము గాదు. ఏడాదివఱకు చూచితిమని మాత్రమే. ఆ యలవాటు పాదుకొనిపోయినది. వైద్యులందఱు సూదికూలి కొఱకే ఏటేట రమ్మందురనుట న్యాయము గాదు. ఏడాదికొకసారి వైద్యుడు పండ్లను, గుండెను, బరువును చూచుట కుక్కకు ఎంతో మేలు. చిన్నజాతి కుక్కలకు పండ్లు త్వరగా పాడగును గూడ. ఏటేట చూపింపుడు, చూపించిన ప్రతిమాఱును అన్ని సూదులును వేయింప నక్కఱలేదు.

మూడవ తెగ లెప్టోస్పైరోసిస్. ఇది వైరసు గాదు, సూక్ష్మక్రిమి. ఎలుకలు మూత్రముతో దీనిని విడుచును. వానకాలమున మడుగులలో, తడినేలలో నిలిచి, కుక్క ఆ నీరు తాగినను తొక్కినను సోకును. కుక్కకు మూత్రపిండములు, కాలేయము చెడును, కామెర్లు రావచ్చును. కుక్క మూత్రమునుండి ఇంటివారికిని అంటవచ్చును. దీని టీకా చంపిన క్రిములతో చేసినది. అది నేర్పు పాఠము ఏడాదికి మించి నమ్మదగినది గాదు. కనుక మొదట రెండు నుండి నాలుగు వారముల యెడముతో రెండు మాఱులు, పిదప ఏటేట. ఎలుకలు లేని యిల్లు, నీరు నిలువని వీధి యున్నవారు వైద్యునితో ఆలోచించి మానుకొనవచ్చును. అట్టి యిల్లు మన ఊళ్లలో ఎన్ని గలవో మీరే యెఱుగుదురు. కొన్ని తయారీలలో మూడు వైరసుల టీకా పొడిరూపమున ఒక సీసాలోను, లెప్టో టీకా ద్రవరూపమున మఱియొక సీసాలోను వచ్చును. ఆ ద్రవములో ఈ పొడిని కరగించి ఒక్క సూదిగా వేయుదురు. పొడి అక్కఱలేని యేట ద్రవమును మాత్రమే వేయుటకు వీలున్న తయారీలున్నవి. ఈ సంగతి వైద్యుని అడిగి తెలిసికొనుడు.

ఏడు వ్యాధులకు, తొమ్మిది వ్యాధులకు అని అంకె పెంచి అమ్ము టీకాలను గూర్చి ఒక్క మాటతో ముగింతుము. ఆ అంకెలలో కొన్ని లెప్టోక్రిమి తెగలే; కొన్నిటిలో కుక్కల కరోనా టీకా కలదు, దానిని వేయింప నక్కఱలేదని పైని చెప్పిన సంఘమువారే చెప్పుచున్నారు. అంకె పెద్దదైన మందు గొప్పదని యెంచవలదు. కుక్కను వసతిగృహములలో విడిచి ఊళ్లకు పోవువారు మాత్రము దగ్గు టీకాను గూర్చి అడుగవచ్చును.

ఇప్పుడు చిన్నికుక్కల సంగతి. అమెరికాలో 360 పశువైద్యశాలలలో టీకాలు వేయించుకొన్న పండ్రెండు లక్షలకు పైబడిన కుక్కల లెక్కలను పరిశీలించి 2005లో ఒక పరిశోధన ప్రకటించిరి. టీకా వేసిన మూడు దినముల లోపల ఏదో యొక బాధ పొందినవి పదివేలకు సుమారు 38. అంతియే, నూటికి ఒకటియైన లేదు. కాని ఆ బాధ అన్ని కుక్కలకు సమానముగా రాలేదు. బరువు తక్కువైనకొలది బాధ పొందినవి హెచ్చు. డాషుండు, పగ్గు, చివావా వంటి జాతులు ముందువరుసలో నిలిచినవి. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి: ఒకే దినమున వేయు సూది ఒక్కొక్కటి పెరిగినకొలది, పది కిలోలకు మించని కుక్కలలో అపాయము నూటికి 27 వంతున పెరిగినది, పెద్దకుక్కలలో 12 వంతుననే. కిందటి యేడు మన సోదరి కుక్కకు జరిగినది ఈ లెక్కతో సరిపోవుచున్నది.

ఇది విని వెంటనే పలువురికి తోచు ఉపాయము "సగము మందు వేయింతుము" అనునది. ఇది కూడదు. జ్వరమునకిచ్చు మందును బరువునుబట్టి కొలుతుము. టీకా అట్టిది గాదు. దేహమునకు శత్రువును గుఱుతుపట్టుట నేర్పుటకు ఇంత మోతాదు కావలెనని పరీక్షించి నిర్ణయింతురు. ఏనుగంత కుక్కకైనను ఎలుకంత కుక్కకైనను అది యొక్కటియే. సగము పాఠము విన్న పిల్లవాడు పరీక్షలో నిలువనట్లు, సగము టీకా పడిన కుక్క రక్షింపబడినదని మనము భ్రమపడుటయే మిగులును. రేబిస్ విషయమున అట్టి భ్రమ ఎంత వెలగలదో వేఱుగ చెప్పనేల? మందును సగము చేయక, దినములను వేఱు చేయుడు. రేబిస్ ఒక దినము, తక్కినది మఱియొక దినము. నడుమ రెండు వారములకు తక్కువ గాకుండ ఎడముండవలెను. రెండు మాఱులు పోవుట శ్రమయే. ఆటోవానికి రెండుసార్లు ఇచ్చుకొనవలెను. అయినను చిన్నికుక్కకు ఇదియే మేలైన పద్ధతి.

కనుక జాబు వ్రాసిన సోదరికి మేము చెప్పునది ఇది. మీ కుక్కకు చిన్ననాటి సూదులన్నియు పదునాఱు వారములు దాటువఱకు పడి, ఏడాది ప్రాయమున మఱల పడియున్నచో, కిందటి యేడు గూడ వేయించితిరి గనుక, మూడు వైరసుల టీకా ఈ యేడు అక్కఱలేదు; మఱి రెండేండ్లు ఆగవచ్చును. రేబిస్ టీకా ఈ యేడు మానవలదు. కిందటి యేటి వాపు సంగతిని వైద్యునికి ముందే చెప్పుడు. ఏ సంస్థవారి ఏ మందు వేసినప్పుడు వచ్చినదో పుస్తకములో చూపుడు. ఆయన మఱియొక తయారీని ఎన్నుకొనవచ్చును, వాపు రాకుండ ముందుగా మందు ఇయ్యవచ్చును. ఉదయముననే పోవుడు, సాయంకాలము పోయి వైద్యశాల మూసిన పిదప ఇంటిలో వాపు వచ్చిన ఎక్కడికి పరుగెత్తుదురు? సూది వేసిన పిదప అరగంట అచ్చటనే కూర్చుండుడు. రెండు మూడు వారములు గడచి, కుక్క కులాసాగా నున్నచో లెప్టో టీకా సంగతి వైద్యునితో ఆలోచింపుడు. అత్తగారికి సూదులు తగ్గినవను తృప్తి, భర్తకు రేబిస్ ముద్ర తప్పలేదను నిబ్బరము, కుమార్తెకు చదివినది వృథా గాలేదను సంతోషము కలుగవచ్చును. ముగ్గురిని ఒక్కమాట మీదికి తెచ్చుట మాత్రము ఆమె నేర్పు.

మూడేండ్లు నిండినప్పుడు గూడ మఱల వాచునేమోయని భయపడువారికి ఇంకొక దారి యున్నది. కొంచెము నెత్తురు తీసి, డిస్టెంపరు, పార్వో, కాలేయపు వైరసులకు ప్రతిరక్షకములు ఉన్నవో లేవో పరీక్షింపవచ్చును. ఉన్నచో సూది అక్కఱలేదు. పెద్ద నగరములలో అడిగి చూడుడు. లెప్టోకు ఈ పరీక్ష పనికిరాదు. రేబిస్‌కు చేసినను టీకా ధ్రువపత్రమునకు బదులుగా మన ఊళ్లలో చెల్లదు.

సూది వేసిన దినమున కుక్క మందముగా పండుకొనుట, కొంచెము జ్వరము, సూది గుచ్చిన చోట చిన్న గడ్డ, ఒక పూట తిండి మానుట, ఇవి వచ్చి ఒకటి రెండు దినములలో పోవును, కంగారు వలదు. మూతి వాపు, దద్దురులు, మాటిమాటికి వాంతులు, చిగుళ్లు తెల్లబోవుట, ఊపిరి ఆడమి, సొమ్మసిల్లుట, వీనిలో ఏది కనబడినను నిమిషమైన ఆలస్యము చేయరాదు. ఇంటిలో నున్న మనుష్యుల మాత్రలను కుక్కకు వేయవలదు. జ్వరముతో నున్న కుక్కకు, చూలుతో నున్న కుక్కకు టీకా వేయించుటకు ముందు ఆ సంగతి తప్పక చెప్పవలెను.

టీకా ఎంత మంచిదైనను చల్లదనము తప్పిన పాడగును. రెండు మొదలు ఎనిమిది డిగ్రీల సెంటిగ్రేడులో నుండవలెను. విద్యుత్తు గంటలకొలది పోవు వేసవిలో, మందులదుకాణమున కొని చేతిసంచిలో వేసికొని ఎండలో నడచి తెచ్చిన టీకా నీటితో సమానము కావచ్చును. వైద్యశాలలోని శీతలపేటికనుండి తీసి, మీ యెదుట కరగించి, వెంటనే వేయు చోటికి పోవుడు. సీసాపైనున్న చీటీని ఒలిచి మీ పుస్తకమున అంటింపుమని అడుగుడు. అందులో సంస్థ పేరు, తయారీ సంఖ్య, గడువు తేది యుండును. "వార్షిక టీకా" యని వట్టి ముద్ర వేసిన పుటవలన మూడేండ్ల తరువాత మీకేమియు తెలియదు. ఇంటి పద్దుపుస్తకమున పాలలెక్క పక్కనే కుక్కకు ఒక పుట కేటాయించి, రేబిస్ తేది, లెప్టో తేది, మూడు వైరసుల తేది వేర్వేఱుగా వ్రాసికొన్నచో ఇంకను మేలు.

చివరకు ఇంకొక మాట చెప్పక తప్పదు. టీకా వేయించిన కుక్కయైనను ఇంటిలో ఎవరినైన కఱచి గాయపఱచినచో, "మనదే గదా, టీకా యున్నది గదా" యని ఊరకుండవలదు. పంపు క్రింద గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు కడుగుడు. కారము, సున్నము, పసుపు, కాఫీపొడి అద్దవలదు. వెంటనే ఆసుపత్రికి పోయి, వైద్యుడు చెప్పిన సూదులను వేయించుకొనుడు. కుక్కను పది దినములు కనిపెట్టియుండుడు. వీధికుక్క మీ కుక్కను కఱచినచో దాని గాయమును గూడ అట్లే కడిగి, పాత టీకా యున్నను ఆ దినమే పశువైద్యునికి చూపుడు; కడుగువారు చేతులకు తొడుగులు వేసికొనవలెను.

పిల్లులకును ఇట్లే మూడేండ్ల లెక్క చెల్లునా యని మఱియొక సోదరి అడిగినది. పిల్లుల వ్యాధులు వేఱు, లెక్కయు కొంత వేఱు గనుక దానిని వచ్చు నెల వ్రాయుదుము.